అల్లుడి బూట్లకు దీపం

ముప్ఫై ఎనిమిదేళ్లు కళాశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసిన నాకు మొదటి ప్రపంచ యుద్ధం అంటే పది మార్కుల ప్రశ్న. కారణాలు అయిదు, ఫలితాలు ఆరు, నడుమ జరిగిన యుద్ధానికి రెండు వాక్యాలు. అంతకు మించి రాసిన విద్యార్థికి అదనంగా ఒక మార్కు వేసిన పాపాన నేనెన్నడూ పోలేదు. అటువంటి నన్ను నిరుడు వేసవిలో, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అల్లుడు కుటుంబసమేతంగా స్లొవేనియాలోని సోచా నది లోయకు తీసుకువెళ్లి, "మామయ్యా, ఇక్కడ కొండ మీద సైనికులు కట్టిన చర్చి ఉందట, మీ సబ్జెక్టే కదా, చూసి వద్దాం" అన్నాడు. సబ్జెక్టు అన్న మాట వాడిన తరువాత కాదనే దారి లేదు.

సోచాను ఇటలీ వారు ఇసొంజో అంటారు. 1915 జూన్ నుంచి 1917 చివరి దాకా ఈ నది వెంబడి ఇటలీకీ ఆస్ట్రియా-హంగరీకీ మధ్య 12 యుద్ధాలు జరిగాయి. తొలి పదకొండింటిలో దాడికి దిగింది ఇటలీ. పన్నెండోసారి, 1917 అక్టోబర్ 24న, ఆస్ట్రియా-హంగరీ జర్మన్ సేనలను తోడు తెచ్చుకుని ఎదురుదాడి చేసి, కొబారిద్ దగ్గర ఇటలీ వరుసను చీల్చింది. వేరువేరు పేర్లు పెట్టడానికి ఊళ్లు చాలలేదో, ఓపిక చాలలేదో కానీ, చరిత్రకారులు వీటికి మొదటి ఇసొంజో, రెండవ ఇసొంజో అంటూ కాలేజీ సెక్షన్లకు వేసినట్టు అంకెలు వేసి ఊరుకున్నారు. మేము చూడబోయిన యావొర్త్సా చర్చి తొల్మిన్ పట్టణానికి పైన, తొల్మింకా నది లోయలో, 571 మీటర్ల ఎత్తున ఉంది. ఆ అంకె విని నేను నవ్వాను. హైదరాబాదే దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంటే, మరో ముప్ఫై మీటర్లకు ఇంత హడావిడి ఎందుకన్నాను. తొల్మిన్ రెండు వందల మీటర్ల దగ్గరే ఉంటుందనీ, మిగిలినదంతా ఎక్కవలసిందేననీ అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

నా హడావిడి అంతా చెప్పులతో మొదలైంది. నేను హైదరాబాద్ నుంచి తోలు చెప్పులతో దిగిన మనిషిని. ఆ చెప్పులతో కొండ ఎక్కనివ్వనని మా అమ్మాయి పట్టుబట్టి, అల్లుడు మూలన పడేసిన పాత ట్రెక్కింగ్ బూట్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ బూట్లను కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ కథకు నాయకుడిని నేను కాదు, అవే. ఒకప్పుడు ఏ రంగువో తెలియదు, ఇప్పుడు మాత్రం ఎండిన చెరువు రంగు. ముందు భాగంలో తోలు పగిలి గీతలు తేలింది, మడమలు ఒక పక్కకు అరిగిపోయాయి, కుడి బూటు నాలుక బయటికి వేలాడుతోంది, ఎడమ బూటు లేసు తెగిపోతే దాని స్థానంలో ఏదో పార్సిల్‌కు కట్టిన జనపతాడు ఎక్కించి ఉంది. నా పాదానికి రెండు సైజులు పెద్దవి కావడంతో రెండు జతల మేజోళ్లు వేసుకుని, మిగిలిన లేసును చీలమండ చుట్టూ రెండు చుట్లు చుట్టి ముడి వేస్తే తప్ప అవి నాతో పాటు నడవలేదు.

జాతొల్మిన్ అనే పల్లె దాటగానే దారి ఒక్క కారు పట్టేంత సన్నబడింది. ఒక పక్క కొండ, మరో పక్క ఎంత లోతో చూడకపోవడమే మేలనిపించే లోయ. ఒక మలుపులో ఎండుగడ్డి వేసుకుని వస్తున్న ట్రాక్టరు ఎదురైంది. ఆ ట్రాక్టరు మనిషి ఇంజను ఆపేసి, చేతులు కట్టుకుని, ఎంతసేపైనా సరే అన్నట్టు కూర్చున్నాడు. మా అల్లుడు రెండు మలుపులు వెనక్కి పోనిచ్చాడు. వెనుక సీట్లో మా ఆవిడ ఆంజనేయ దండకం మొదలుపెట్టి, మధ్యలో తప్పిపోయి, మళ్లీ మొదటి నుంచి అందుకుంది. కారు ఆపే చోటికి చేరేసరికి ఆమె మోకాళ్లు ఇక నడవమని తేల్చి చెప్పాయి, మనవడు నిద్రపోయాడు, వాడి కోసం మా అమ్మాయి ఉండిపోయింది. అల్లుడు ఎవరితోనో ఫోన్ మాట్లాడుతూ, "మీరు నడుస్తూ ఉండండి మామయ్యా, నేను వెనకే వస్తాను" అన్నాడు. ఈ విధంగా యావొర్త్సా చర్చికి మా కుటుంబ ప్రతినిధిగా నేనొక్కడినే, పరాయి బూట్లలో, టకటకా చప్పుడు చేసుకుంటూ బయలుదేరాను.

చర్చి కనబడగానే నోట మాట రాలేదన్నది నిజం, అందులో సగం ఆయాసం వల్ల. కింద రాతి పునాది, పైన కలప కట్టడం, ముందు రాతి మెట్లు, చుట్టూ పచ్చిక, వెనక బోడి శిఖరాలు. బయటి గోడల మీద ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని 20 ప్రాంతాల రాజచిహ్నాలు రంగుల్లో వరుసగా ఉన్నాయి. గంటగోపురం మీద 'పాక్స్' అని లాటిన్‌లో, అంటే శాంతి అని, రాసి ఉంది. వియన్నాకు చెందిన రెమిగియుస్ గైలింగ్ అనే చిత్రకారుడు నమూనా గీస్తే, యుద్ధరంగం నుంచి విశ్రాంతికి వెనక్కి వచ్చిన సైనికులే 1916 మార్చి 1న పని మొదలుపెట్టి నవంబర్ 1కి ముగించారు. లెక్క కట్టి చూడండి, ఎనిమిది నెలలు. ఫిరంగులు మోగుతుండగా, కొండ మీద, ఎనిమిది నెలలు! మెదక్‌లో మా ఇంటి ప్రహరీ గోడకు మా మేస్త్రీ సరిగ్గా అంతే కాలం తీసుకున్నాడు, అక్కడ ఏ యుద్ధమూ లేదు, మా ఆవిడకూ అతనికీ మధ్య జరిగినది తప్ప.

మెదక్ అన్నాను కాబట్టి అసలు సంగతి చెప్పాలి. మా ఊరి చర్చి కూడా ఆ యుద్ధకాలంలోనే మొదలై, పదేళ్లు సాగి, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో పని కల్పించి, గింజలు పెట్టి, పోస్నెట్ దొర కట్టించాడని మా పెద్దలు చెప్పుకునేవారు. చిన్నప్పటి నుంచి ఆ చర్చికి వెళ్లిన ప్రతిసారీ, మతంతో నిమిత్తం లేకుండా, చెప్పులు బయట విడిచే లోపలికి వెళ్లాం. గుడి అయినా, దర్గా అయినా, చర్చి అయినా గడప చూడగానే మెదక్ మనిషి కాళ్లు వాటంతట అవే చెప్పులు వదిలేస్తాయి. మెదడుకు ఆ వార్త తరువాత అందుతుంది. ఇక్కడా అదే జరిగింది. మెట్ల పైన, తలుపుకు ఒక పక్కగా కూర్చుని, జనపతాడు ముడి విప్పడానికే అయిదు నిమిషాలు పట్టగా, బూట్లు రెండూ జతగా, ముక్కులు గోడ వైపు పెట్టి, మేజోళ్లతో లోపలికి అడుగుపెట్టాను. కాస్త దూరంలో టికెట్ల బల్ల దగ్గరున్న అమ్మాయి అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ ఇదంతా చూడలేదు.

లోపల నీలం, నలుపు, తెలుపు, బంగారు రంగుల అలంకారం. అవన్నీ చూస్తుండగానే పక్క గోడల దగ్గర పుస్తకం పుటల మాదిరిగా అమర్చిన ఓక్ చెక్క పలకల మీదికి దృష్టి పోయింది. మందుగుండు పెట్టెల చెక్కతో చేశారని చెప్పే ఆ పలకల మీద, ఈ కొండల్లో చనిపోయిన 2,564 మంది సైనికుల పేర్లు కాల్చి రాశారు. హంగరీ వారు, చెక్‌లు, పోల్‌లు, స్లొవేన్‌లు, బోస్నియా వారు, ఇంకా ఏయే ప్రాంతాల వారో. ముప్ఫై ఎనిమిదేళ్లు హాజరు పట్టీ చదివిన నోరు ఊరుకోదు. మొదటి పలక దగ్గర నిలబడి, పలకలేని పేర్లను నాకు వచ్చినట్టు పలుకుతూ, మెల్లగా చదవడం మొదలుపెట్టాను. తరగతిలో నలభై పేర్లు చదవడానికి మూడు నిమిషాలు పట్టేది. ఇక్కడ మూడు పలకలు దాటేసరికే గొంతు ఎండిపోయింది, పేర్లు మాత్రం తగ్గినట్టే లేదు. యుద్ధానికి రెండు వాక్యాలు చాలని చెప్పిన మనిషి అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో చెప్పను.

బయట అలికిడి వినబడితే తలుపు సందులోంచి చూశాను. డజను మంది వృద్ధులు, ఒకే బృందంగా వచ్చినవారు, మెట్ల మీద నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారు. మగవాళ్లు టోపీలు తీసి గుండెకు ఆనించుకున్నారు. అందరూ తలలు వంచి ఒకే చోటికి చూస్తున్నారు. ఆ చోట ఉన్నవి మా అల్లుడి బూట్లు.

వాళ్లను తప్పు పట్టలేను. యుద్ధంలో చనిపోయిన వాళ్ల కోసం కట్టిన చర్చి గుమ్మంలో, అరిగిన మడమలతో, పగిలిన తోలుతో, జనపతాడు లేసుతో, ఒక జత బూట్లు గోడకు ముఖం పెట్టి ఉంటే, అవి తిరిగి రాని సైనికుడి గుర్తుగా ఎవరో భక్తితో పెట్టినవనుకోక, మెదక్ నుంచి వచ్చిన విశ్రాంత అధ్యాపకుడివని ఎవరు ఊహిస్తారు? వాళ్లలో ఎత్తుగా, బక్కగా ఉన్న ఒక పెద్దాయన సంచిలోంచి ఎర్రటి గాజు బుడ్డిలో ఉన్న కొవ్వొత్తి తీశాడు, అక్కడ సమాధుల దగ్గర వెలిగించే రకం. దాన్ని వెలిగించి, సరిగ్గా రెండు బూట్ల మధ్య పెట్టాడు. ఒక ముసలామె దారిలో కోసుకొచ్చిన తెల్లని గడ్డిపూలను ఎడమ బూటులో, పూలసజ్జలో అమర్చినంత పొందికగా అమర్చింది. పక్కన ఇంకొకామె కళ్లు తుడుచుకుంది.

నేను గోడకు అతుక్కుపోయాను. బయటికి వెళ్లి, పూలు తీసి పక్కన పెట్టి, దీపం జరిపి, బూట్లు తొడుక్కుని నమస్కారం చెప్పి వెళ్లిపోవడం ఒక మార్గం. దానికి కావలసిన గుండె ధైర్యం నాకు లేదు. చనిపోయిన సైనికుడు లేచి వచ్చి బూట్లు అడిగినా వాళ్లు అంత బెదరరేమో. వాళ్లు వెళ్లిపోయే దాకా లోపలే ఉండటం రెండో మార్గం. కానీ వాళ్లు వచ్చిందే లోపలికి రావడానికి. ఈ ఆలోచనలో నా పాదాల వైపు చూసుకుంటే, రెండు జతల మేజోళ్లనూ చీల్చుకుని కుడి బొటనవేలు బయటికి వచ్చి, అది కూడా పరిస్థితిని గమనిస్తున్నట్టు నిటారుగా నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే మా అల్లుడు మెట్లెక్కి వచ్చాడు. మొదట జనాన్ని చూశాడు, తరువాత దీపాన్ని, ఆ తరువాత బూట్లను. అతని ముఖంలో కదిలిన భావాలను వర్ణించే శక్తి నాకు లేదు. నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. చుట్టూ అందరూ తలలు వంచి ఉండగా తానొక్కడే తల ఎత్తుకుని ఉంటే బాగుండదనుకున్నాడు కాబోలు, టోపీ తీసి, చేతులు ముందు కట్టుకుని, తన బూట్లకు తానే తల వంచి నిలబడ్డాడు. ఆ బక్క పెద్దాయన అతని భుజం తట్టాడు.

కాసేపటికి అందరూ లోపలికి వచ్చారు. నేను పలక వైపు తిరిగి, ప్రపంచంలో నాకు ఇంకే పనీ లేనట్టు పేర్లు చదువుతున్నాను. వెనక అడుగుల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. తల తిప్పితే ఆ పెద్దాయన నా ముఖం వైపు కాక, నా కాళ్ల వైపు చూస్తున్నాడు. బొటనవేలిని చూశాడు. తలుపు వైపు, బూట్ల వైపు చూశాడు. మళ్లీ బొటనవేలిని చూశాడు. అయిపోయింది, ఇక క్షమాపణ చెప్పాల్సిందేనని నేను నోరు కూడదీసుకుంటుండగా, ఆయన ఒక్క మాట అనకుండా గడప దాకా నడిచి, గోడకు చేయి ఆనించుకుని, ఒంగి, తన బూట్ల లేసులు విప్పుకుని, వాటిని మా అల్లుడి బూట్ల పక్కన, అలాగే ముక్కులు గోడ వైపు పెట్టి, మేజోళ్లతో తిరిగి వచ్చాడు. దానితో పూలు పెట్టిన ముసలామె తన బూట్లు విప్పింది. ఆ తరువాత ఒకరి వెనక ఒకరు, గుసగుసలైనా లేకుండా, పన్నెండు మందీ విప్పారు. అల్లుడికీ తప్పలేదు. చూస్తుండగానే యావొర్త్సా గుమ్మం క్రిస్మస్ నాటి మెదక్ చర్చి గుమ్మం లాగా తయారైంది. పరుగున వచ్చిన టికెట్ల అమ్మాయి ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, ఎవరిని ఏమడగాలో తోచక, మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

గుంపులో కలిసిపోయాక బూట్లు తీసుకోవడం తేలికే. నేనూ అల్లుడూ మెల్లగా బయటికి జారుకుని, పూలను దీపం పక్కన గోడ వారగా పెట్టి, దీపాన్ని కదల్చకుండా, దొంగల్లా బూట్లు తొడుక్కున్నాం. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, అప్పుడే వచ్చిన ఒక యువ జంట ఆ వరుసను చూసి, మెట్ల మీద కూర్చుని, బుద్ధిగా లేసులు విప్పుకుంటోంది.

కారు చేరేదాకా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటుండగా, వెనక నుంచి మా ఆవిడ, నలభై రెండేళ్లుగా నన్ను ఎరిగిన మనిషి, అనుమానంగా అడిగింది.

"ఏమండీ, బూట్లు బయట విడిచే లోపలికి పోయారా, లేక పరాయి దేశమే కదా అని అట్లనే పోయారా?"

మా అల్లుడు స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. ఆ లోయంతా కారు హారన్ మోగింది, మనవడు ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకున్నాడు.