అంతా గ్రానైటే కాదండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేల గురించి మీ వ్యాసంలో బాగానే రాశారు గానీ, ఇక్కడ రాయంటే గ్రానైటే అన్నట్టు తేల్చేశారేంటండీ. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా కనిపించేది ఖోండలైట్, దాంతోపాటు చార్నోకైట్ అనే ముదురు రంగు గట్టి రాయి, నైస్ అనే, లోపలి వేడికీ ఒత్తిడికీ మారి చారలు తేలిన రాయి. ఖోండలైట్ ముక్కని పగలగొట్టి ఎండలో అటూ ఇటూ తిప్పి చూడండి, తుప్పు రంగు రాయిలో ఎర్రెర్రని గార్నెట్ గింజలు, సన్నటి పుల్లల్లా సిల్లిమనైట్ అనే ఖనిజం, ఒక్కోచోట వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైట్ కూడా ఉంటుంది. ఇదే ఎండకి పగిలి, వానకి నాని ఎర్రమట్టి అవుతుంది. అందులోని గార్నెట్, సిల్లిమనైట్ గింజల్ని వంశధార, నాగావళి సముద్రం దాకా మోసుకెళ్తే, అలలు వాటిని ఇల్మెనైట్ (టైటానియం ఉండే నల్లటి ఖనిజం), మోనజైట్ (థోరియం ఉండే ఖనిజం) గింజలతో కలిపి ఒడ్డున పేరుస్తాయి. భావనపాడు, కళింగపట్నం వైపు ఇసుకలో నల్ల చారలు అలా వచ్చినవే (ఓడల ఆయిల్ అనుకునేవాళ్లూ ఉన్నారు!). టెక్కలి నీలం రాయిని గ్రానైట్ అన్న పేరుతోనే అమ్ముతారు, సరే, కానీ పాలిష్ పలక మీద ఆ మెలికల చారలు చూస్తే నైస్ జాతిదని తెలిసిపోతుంది. అన్నట్టు చీపురుపల్లి, గరివిడి మాంగనీసు ఊసే ఎత్తలేదు, దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది విజయనగరం ప్రాంతంలోనే కదా.