ఫ్లెక్సీ మీద సైనికుడున్నాడు, మిల్లు కార్మికుడు లేడు

ఈమధ్య వరంగల్‌లో మా పెద్దబాపు ఎనభై దాటిన వయసులో కన్నుమూశారు. దశదినకర్మ నాటికి వాడకట్టు యువకులు చందాలు వేసుకుని వీధి మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. మువ్వన్నెల జెండా, యూనిఫాంలో పాత ఫొటో, కింద '1971 యుద్ధ వీరుడికి జోహార్లు' అన్న అక్షరాలు. వచ్చిన నాయకులు కూడా ఆ యుద్ధం గురించే మాట్లాడారు. అందులో అబద్ధమేమీ లేదు. 1962 చైనా యుద్ధం తరువాత సైన్యంలోకి భర్తీలు జోరుగా సాగిన రోజుల్లో చేరి, 1971లో విధుల్లో ఉండి, ఆ యుద్ధకాలపు సేవకు ఇచ్చే సంగ్రామ్ మెడల్ అందుకున్న మనిషే ఆయన. ఆ గౌరవాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఇదే ఊళ్లోని ఆజంజాహి బట్టల మిల్లులో ఆయన చేసిన పదిహేడేళ్ల నౌకరీ గురించి ఒక్కరి నోటి నుంచీ ఒక్క మాటైనా రాకపోవడమే నన్ను బాధిస్తున్నది.

నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1934లో మొదలైన ఆ మిల్లు, తరువాత కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చి, 1990లో మూతపడింది. పెద్దబాపు పనిచేసింది నేత విభాగంలో. మగ్గాల మోతలో పక్కవాడి మాట కూడా వినపడదు కనుక, అక్కడివారు పెదవుల కదలికను చూసే సంగతి గ్రహించేవారట. చివరి వరకూ ఆయన మన ముఖం వైపే చూస్తూ వినేవారు. ఫోన్‌లో మాత్రం ఎంత అరిచినా లాభం ఉండేది కాదు. తెగిన పోగును రెండు వేళ్లతో ముడివేసే పనితనం ఎనభై ఏళ్లకూ పోలేదు. పెద్దమ్మ పూలదండ తెగితే ఆయన చేతికే ఇచ్చేది, మాట్లాడుతూ మాట్లాడుతూనే ముడివేసి ఇచ్చేసేవారు. యుద్ధం గురించి అడిగితే రెండు ముక్కల్లో ముగించే మనిషి, పోగు ఎక్కడ ఎందుకు తెగుతుందో చెప్పమంటే మాత్రం గంటసేపు ఆపేవారు కాదు.

ఇక పింఛను సంగతి. సైన్యంలో జవానుకు సర్వీసు పింఛను రావాలంటే పదిహేనేళ్ల కొలువు నిండాలి. తల్లి మంచాన పడితే, పదేళ్లు నిండకముందే సొంత కోరికపై బయటకు వచ్చిన ఈయనకు అది రాలేదు; ఒకే ర్యాంకు ఒకే పింఛను గురించి దేశమంతా చర్చ జరిగినా, అసలు పింఛనే లేని ఈయనకు దానితో పనిలేకపోయింది. మిల్లు వైపు చూద్దామంటే, భవిష్యనిధి (పీఎఫ్) ఉన్న కార్మికులకు వర్తించే ఉద్యోగుల పింఛను పథకం అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 16న. మిల్లు మూతపడింది అంతకు అయిదేళ్ల ముందు. అలా రెండు కొలువులు చేసి, రెండు చోట్లా గీత అవతలే మిగిలిపోయిన మనిషి, ఆ తరువాత ఒక బట్టల దుకాణానికి కాపలా ఉండి, ఆఖరి సంవత్సరాల్లో రాష్ట్ర ప్రభుత్వం వృద్ధులకు ఇచ్చే నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛనుతో గడిపారు. వీరుడని మైకులో పొగిడిన వారిలో ఈ లెక్క ఎవరికైనా తెలుసో లేదో.

సరిహద్దులో నిలబడితే దేశసేవ, మగ్గం ముందు నిలబడితే పొట్టకూటి పని అనే తేడాను మనం ఎంత సులభంగా ఒప్పుకున్నామో ఆ రోజు నాకు స్పష్టంగా కనిపించింది. మిల్లు సైరన్‌తోనే తెల్లవారిన ఈ ఊళ్లో, దాని జీతాల మీద బతికిన దుకాణాలూ వీధులూ ఎన్నో ఉన్న ఈ ఊళ్లో, ఒక నేత కార్మికుడు పోతే ఆ పనిని పేరు పెట్టి చెప్పడానికి జెండా తోడు కావాలా? 2017లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు వరంగల్‌కు మళ్లీ వస్త్ర వైభవం వస్తుందన్నారు. రావాలనే నేనూ కోరుకుంటాను. అయితే పాత మిల్లు కార్మికులలో ఇంకా బతికి ఉన్నవారి జాబితా తయారుచేసి, 1995కు ముందు ఉపాధి కోల్పోయిన వారికి రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక పింఛను ఇవ్వాలి. వారిలో చాలామంది వృద్ధులే కనుక ఖజానా మీద పడే భారం ఏటేటా తగ్గేదే తప్ప పెరిగేది కాదు.

పింఛను లేని మాజీ సైనికులకు, వారి వితంతువులకు 65 ఏళ్లు దాటాక కేంద్రం ఇచ్చే పేదరిక సాయం ఒకటుందని మాకు ఆయన పోయాకే తెలిసింది. పెద్దమ్మ పేరున దానికి దరఖాస్తు నింపుతున్నాము. సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం ఇనుప పెట్టెలో భద్రంగానే దొరికింది. మిల్లు గుర్తింపు బిళ్ల కూడా దాని కిందే ఉంది, కానీ దాన్ని జతచేసి పంపే దరఖాస్తు అంటూ ఏదీ లేదు.