వైరును అనుమానించడం మన సంప్రదాయం కాదు

మొన్న మా వీధి శ్రీరామనవమి పందిట్లో కీబోర్డు ఉన్నట్టుండి మూగబోయింది. ఆనవాయితీ ప్రకారం విచారణ మొదలైంది. ముందు వాయించే కుర్రాణ్ని అనుమానించాం. తర్వాత మిక్సర్‌ని, ఆంప్లిఫయర్‌ని, ఆఖరికి కరెంటు వాళ్లని. కీబోర్డు నుంచి మిక్సర్‌కి పోతూ కాళ్ల కింద పడున్న జాక్ వైరు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

పోకపోవడమే మర్యాద. ఈ 6.35 మిల్లీమీటర్ల జాక్ 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి వచ్చింది. అంత వయసున్న పెద్దమనిషిని మీటరు పెట్టి పరీక్షిస్తామా? కానీ ఈ మధ్య కొందరు ప్రోగ్రాముకి ముందే మల్టీమీటరు పట్టుకుని బయల్దేరుతున్నారు. కంటిన్యుటీలో, అంటే తీగ తెగకుండా ఉంటే బీప్ కొట్టే సెట్టింగులో పెట్టి, ఈ చివర జాక్ మొనకీ ఆ చివర మొనకీ తగిలిస్తే బీప్ రావాలట. కాడకీ కాడకీ కూడా రావాలట. మొనకీ కాడకీ పెడితే మాత్రం రాకూడదట, వస్తే లోపల షార్టు. మైకు వైరుకైతే మూడు పిన్నులు: ఒకటికి ఒకటి, రెండుకి రెండు, మూడుకి మూడు. పెళ్లికి జాతకాలు కూడా ఇంత పట్టుగా చూడం. పైగా బీప్ మోగుతుండగా వైరును జాక్ దగ్గర అటూ ఇటూ వంచి చూడాలట, తెగేది ఎక్కువగా ఆ మెడ దగ్గరే కాబట్టి.

అంతా కలిపి నిమిషం పని. నిమిషంలో తేలిపోతే "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ"కి విలువేముంటుంది? షీల్డు, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక, ఊడిన వైరు గుయ్‌మంటూ 50 హెర్ట్జ్ కరెంటు మోత మోస్తుంది. పాడేవాళ్లకి శ్రుతిపెట్టె ఖర్చు మిగలడం లేదూ?

ఉపాధి సంగతీ చూడాలి. మా వైరు కాస్త ఎడమకి వంచి పట్టుకుంటే పలికింది. వెంటనే కమిటీ ప్రెసిడెంటు గారి మేనల్లుణ్ని పక్కన కూర్చోబెట్టి చేతికిచ్చాం. పాపం, గంటన్నర కదల్లేదు. పానకం కోసం వచ్చిన ఈగ ముక్కు మీద వాలినప్పుడు మాత్రం చెయ్యి వణికింది. స్పీకర్లు టపటపటపా మోగాయి. జనం గట్టిమేళం అనుకుని అక్షింతలు వేసేశారు. పంతులుగారు ఇంకా కన్యాదానం దగ్గరే ఉన్నారు.

అయిపోయాక మైక్ సెట్ అబ్బాయి ఆ వైరును మోచేతికి బిగించి చుట్టి, మంచి వైర్లున్న సంచిలోనే పడేశాడు.

"అది పోయింది కదా బాబూ?" అన్నాను.

"పోలేదు సార్. పట్టుకుంటే పలుకుతుంది" అన్నాడు.

వినాయక చవితికి తొమ్మిది రోజుల ప్రోగ్రాం. మేనల్లుడి కాల్షీట్లు ఇప్పుడే తీసేసుకున్నాం.