పేజీ నిండితే చదువు వచ్చినట్టేనా?

శనివారం సాయంత్రం. చెల్లెలు గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరి బడిలో ఒకటి, రెండు తరగతులు చూసే టీచరు. అన్నయ్య బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఆయన మనవరాలు పట్నంలో ప్రైవేటు బడిలో ఒకటో తరగతి చదువుతోంది. చెల్లెలింటికి వచ్చినవాడు, అరుగు మీదున్న పిల్లల నోటు పుస్తకాల కట్ట విప్పాడు.

అన్నయ్య: ఏమ్మా, వారం మొత్తానికి సగం పేజీయా? పైన బొమ్మ, కింద ఒక ముక్క రాత! మా పాప ఈ వారం తెలుగు పది, ఇంగ్లీషు పది, లెక్కలు పది పేజీలు రాసింది. అంతా బడిలోనే. హోంవర్కు వేరే.

చెల్లెలు: చూచిరాతేగా?

అన్నయ్య: చూచిరాతే. ఆ వయసు పిల్ల కావ్యం రాస్తుందా? చెయ్యి తిరగాలంటే రాయాలి.

చెల్లెలు: ఆ రాసినదాంట్లో మధ్య లైను మీద వేలు పెట్టి, ఇది చదువమ్మా అని అడిగావా?

అన్నయ్య: గడగడా చదివింది.

చెల్లెలు: మధ్యలోంచా?

అన్నయ్య: ... మధ్యలోంచి అడిగితే మళ్ళీ మొదటికి వెళ్ళి అందుకుంది.

చెల్లెలు: నా బాధ అదే అన్నయ్యా. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. అంటే రోజుకి నాలుగు గంటలు, ఆరు రోజుల వారానికి 24. నా చేతిలో ఉన్నదల్లా ఆ 24 గంటలే. పేజీకి పావుగంట వేసుకున్నా ముప్పై పేజీలకి ఏడున్నర గంటలు పోతాయి. వారంలో దాదాపు మూడో వంతు సేపు ఆ గదిలో పిల్ల గొంతు వినపడదు.

నా సోమవారం చెబుతా విను. పుస్తకం తియ్యనివ్వను. నిన్న ఇంట్లో ఏం జరిగిందో చెప్పమంటాను. ఈ వారం ఒకడు లేచి, మా గేదె ఈనింది టీచర్ అన్నాడు. ఇంక చూడు, తలా ఒక గేదె కథ! దూడ, పాలు, జున్ను, పాక అంటూ వాళ్ళ నోట్లోంచి వచ్చినవే నాలుగు వాక్యాలు చేసి బోర్డు మీద రాశాను. గేదె ఈనింది. దూడ పుట్టింది. దూడ నలుపు. పాలు తాగింది. తన మాట బోర్డు మీదికి ఎక్కితే పిల్ల ఎలా ముందుకి వంగి చూస్తుందో నువ్వు చూడాలి. మంగళ, బుధవారాలు ఆ మాటల్నే విడదీస్తాం. 'పాలు'లో ఉన్న 'పా' ఇంకే మాటలో ఉంది? 'పాక'లో 'క' తీసి 'ట' పెడితే? పాట అని గదంతా అరుస్తారు. లెక్కలకి మాత్రం రోజూ చింతపిక్కలు, పదేసి పుల్లల కట్టలు.

గురువారాన్ని మాత్రం దేనికీ వదులుకోను. ఒక్కొక్కళ్ళూ నా పక్కన కూర్చుని చదవాలి. 26 మందికి తలా రెండేసి నిమిషాలు, మొత్తం 52 నిమిషాలు. ఎవరు 'మ'ని 'య' అంటున్నారో, ఎవరికి 'వ', 'ప' కలిసిపోతున్నాయో, ఎవరు బట్టీపట్టింది అప్పజెబుతున్నారో అప్పుడే తెలుస్తుంది. ఎర్రసిరా టిక్కులు పెట్టుకుంటూ పోతే నాకు తెలియదు. శుక్రవారం సొంతంగా ఒక్క వాక్యం రాస్తారు. నువ్వు చూసిన సగం పేజీ అదే.

అన్నయ్య: ఒకణ్ణి చదివిస్తుంటే తక్కిన పాతికమందీ ఏం చేస్తారు?

చెల్లెలు: రెండో తరగతి వాళ్ళు చిన్నవాళ్ళతో కలిసి చదువుతారు. కొందరు అల్లరి చేస్తారు, కాదనను.

అన్నయ్య: సరే, ఇప్పుడు నా మాట విను. ఇదంతా నువ్వున్నావు కాబట్టి నడుస్తోంది. నువ్వు ట్రైనింగుకి వెళ్ళిన రోజో? రేపు నీకు బదిలీ అయితేనో? చూచిరాత ఎవరొచ్చినా చేయిస్తారు. ఓపిక లేని టీచరు చేతిలో పడ్డా పిల్లకి నాలుగు అక్షరాలైనా మిగులుతాయి. నాట్ల రోజుల్లో సోమవారం బడికి రాని పిల్ల ఉంటుంది, దాని సంగతేంటి? అ ఆ ఇ ఈ వరుసలో నేర్పితే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది, అక్కణ్ణుంచి అందుకోవచ్చు. మీ గేదె కథ తప్పిపోయిన పిల్లకి ఆ వారమంతా పోయినట్టే. ఇంకొకటి. కూలికి వెళ్ళే తల్లికి చదువు రాదు. నిండిన పేజీ కనపడితేనే, నా బిడ్డ బడిలో ఊరికే కూర్చోలేదని ఆవిడకి ధైర్యం. ఆ ధైర్యం లేకే అప్పుచేసి మరీ పిల్లల్ని వ్యాను ఎక్కిస్తున్నారు. నీ పద్ధతి ఎంత గొప్పదైనా, పిల్లలు లేకపోతే బడి ఉంటుందా?

చెల్లెలు: నాట్ల మాట నిజం. ఈ నెలలోనే నలుగురికి సోమవారాలు పోయాయి. గురువారం నా పక్కన కూర్చుంటే ఉత్త చూపులు చూశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్ళు ఒకే గదిలో అన్ని తరగతులూ నడిచే పల్లె బడుల కోసం పాఠాలని కార్డులుగా, నిచ్చెన మెట్లలాగా అమర్చారు. మానేసిన పిల్ల తిరిగొచ్చాక, తను ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. నేనూ అలాంటివి చేసుకోవాలి. ఇన్నాళ్ళూ చెయ్యకపోవడం నా తప్పే. కానీ వరుస మాట ఒప్పుకోను. అ అంటే అమ్మ అని మొదటిరోజే చెబుతాం. ఆ 'మ్మ'లో ఒత్తు ఉంది. ఒత్తులు ఎప్పటికో గాని నేర్పం. అందాకా ఆ పిల్ల అమ్మ అన్నది అక్షరం చూసి కాదు, బొమ్మ చూసి.

అన్నయ్య: సర్కారు అడిగేది లెక్క. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం వాళ్ళు నిపుణ్ భారత్ అని 2021లో పెట్టారు. రెండో తరగతి దాటేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలి.

చెల్లెలు: 'పరుగెత్తుకొచ్చింది' అన్నది మనకి ఒక్క మాట. ఇంగ్లీషులో అదే మూడు నాలుగు మాటలవుతుంది. నిమిషం లెక్క అన్ని భాషలకీ ఒకటే ఎలా అవుతుంది? పైగా అందులోనే రాశారు, అర్థం చేసుకుంటూ చదవాలని. ఆ ముక్క ఎవరూ ఎత్తరు.

అన్నయ్య: నాన్న మనకి వరుసలోనే నేర్పాడు. ఇసుకలో దిద్దించి, కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి అని రాగం తీయించి. ఇన్నేళ్ళయినా నేను మర్చిపోలేదు.

చెల్లెలు: ఆ రాగం నేనూ తీయిస్తాను. దాని బలం దానిది. కానీ నాకు నాన్న అలా నేర్పలేదు. పేపరు పరిచి హెడ్డింగుల్లో అక్షరాలు వెతికించేవాడు.

అన్నయ్య: పేపరు కాదు, పంచాంగం.

చెల్లెలు: పేపరే అన్నయ్యా.

అన్నయ్య: పంచాంగమే. నువ్వు ఒళ్ళో ఉండేదానివి. నేను అరుగు మీద ఎండలో దిద్దేవాణ్ణి. తప్పితే వేళ్ళ మీద బెత్తంతో ఒకటి పడేది. నీకు చూపిన ఓపిక నాకు చూపలేదు.

చెల్లెలు: ... అవును. నీకు చూపలేదు.

అన్నయ్య: అది వదిలెయ్. తల్లి సంగతి అడిగాను, దానికి చెప్పు.

చెల్లెలు: ఆవిడకి పేజీ చూసినా అందులో ఏముందో తెలియదు కదా. వినడం వచ్చు. శుక్రవారం రాసిన వాక్యం ఇంటికి పంపుతాను. పిల్ల ఆవిడకి చదివి వినిపించాలి, వాక్యం మధ్యలో ఆవిడ ఎక్కడ వేలు పెడితే అక్కణ్ణుంచి.

అన్నయ్య: నాట్లకి వెళ్ళినావిడ చీకటిపడ్డాక వస్తుంది. వచ్చి పొయ్యి వెలిగించాలి.

చెల్లెలు: పొయ్యి దగ్గరే చదువుతుంది. నాలుగు మాటలేగా.