అక్కడి 80 లెక్క ఇక్కడ పనికిరాదు

డిసెంబర్‌లో పెళ్లిళ్లకీ సెలవులకీ అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చే మనవాళ్లలో చాలామంది అక్కడి ధీమానే వెంట తెచ్చుకుంటారు. "రెండు పెగ్గులేగా, నేనే నడుపుతా" అంటారు. అమెరికాలో యూటా తప్ప మిగతా రాష్ట్రాల్లో బండి నడిపేవాళ్లకి పరిమితి 100 మి.లీ. రక్తానికి 80 మి.గ్రా. ఆల్కహాల్. ఇక్కడ మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30. అందులో సగం కూడా కాదు.

ఒక లార్జ్, అంటే 60 మి.లీ. విస్కీలో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో తాగితే రీడింగ్ 40 దాటొచ్చు. 55 కిలోల ఆడమనిషికి 60 పైకి పోవచ్చు, ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి. కడుపునిండా బిర్యానీ తింటే ఎక్కడం నెమ్మదిస్తుంది, అంతే. దిగడం గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పునే. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. రాత్రి 9 నుంచి 1 దాకా ఐదు లార్జ్‌లు తాగిన మనిషి పొద్దున 8కి శంషాబాద్ బయల్దేరితే అప్పటికీ 30 పైనే ఉండొచ్చు. నిద్రపోయి లేచాం కదా అన్న నమ్మకమే అన్నిటికన్నా ప్రమాదం.

బ్రీత్ అనలైజర్‌కి ఊపిరితిత్తుల లోపలి గాలి కావాలి, అందుకే ఆపకుండా ఊదమంటారు. అప్పుడే మౌత్‌వాష్ పుక్కిలించి ఉంటే అంకె అబద్ధంగా పెరుగుతుంది. ఆ మాట చెప్పి, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్షించమని అడగండి. ఊదనని మాత్రం మొండికేయొద్దు. సరైన కారణం చూపకపోతే ఆ నిరాకరణనే మీకు వ్యతిరేకంగా సాక్ష్యంగా పెట్టొచ్చని 205వ సెక్షన్ చెబుతోంది.

పట్టుబడితే ఇది ఫోన్లో కట్టి పడేసే చలానా కాదు. గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ శిక్షణ సంస్థలో ఇంటివాళ్లతో సహా కౌన్సెలింగ్, ఆపైన కోర్టు. మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు 2 ఏళ్ల వరకు, జరిమానా 15,000. లైసెన్సు మీదా వేటు పడొచ్చు. పక్కన తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే బండి వాళ్లకి అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది, ఇది గుర్తుంచుకోండి. ప్రాణం పోతే కథే వేరు: భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద జైలు పదేళ్ల దాకా వెళ్లొచ్చు.

వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో చిక్కుంది. జరిమానా కట్టేశాం, అయిపోయింది అనుకుంటారు. అమెరికా వీసా దరఖాస్తు మాత్రం ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతుంది. దాచితే అది మరో నేరం.

విందు పెట్టే మన సంఘాలకి ఒక్క విన్నపం. గంటల లెక్కన డ్రైవర్లు దొరికే ఊరిది. ఆ ఏర్పాటు ఆహ్వానంలోనే రాయండి, తాళాలు మొదటి గ్లాసుకి ముందే తీసుకోండి.