బహువచనం చివర దాక్కునే ఎస్ గారికి

మహారాజశ్రీ ఎస్ గారి సముఖానికి,
ఆంగ్ల వర్ణమాలలో 19వ ఇల్లు, బహువచనాల వీధి చివర.

నమస్కారాలతో రాయునది. మేం ఇక్కడ క్షేమం కాదు. తమరు అక్కడ దివ్యంగా ఉన్నారని మొన్న ఆదివారం మాక్, అంటే నమూనా పరీక్ష, పేపర్లు దిద్దుతుంటే తెలిసింది.

అమీర్‌పేటలో ఆదివారం మధ్యాహ్నం ఐఈఎల్‌టీఎస్ (విదేశీ చదువులకి రాసే ఇంగ్లీషు పరీక్ష) లిజనింగ్ మాక్ అంటే తమరికి కొత్తేం కాదు. నాలుగు పార్టులు, 40 ప్రశ్నలు, దాదాపు అరగంట ఆడియో, వినిపించేది ఒక్కసారే. పార్ట్ 1లో ఒకావిడ క్యాంపుకి ఏమేం తెచ్చుకోవాలో చెప్పింది. ఖాళీలో పడాల్సింది 'బ్లాంకెట్స్'. క్లాసులో సగం మంది 'బ్లాంకెట్' రాశారు. మాట విన్నారు, అర్థం చేసుకున్నారు, స్పెల్లింగు కూడా తప్పు పోలేదు. అయినా సున్నా. అరమార్కు ఇచ్చే ఆచారం ఆ పరీక్షలో లేదు. దుప్పటి తెచ్చుకున్నారు గానీ తమరిని వెంట తెచ్చుకోలేదు, అంతే నేరం.

మిగతావాళ్లతో మాకు పేచీ లేదని కాదు. మంగళవారం అని చెప్పి, మనం రాసేదాకా ఆగి, 'అయ్యో కాదు, గురువారం' అనే పెద్దమనిషితో ఉంది. ఫోన్ నంబరులో 'డబుల్ ఫోర్' అనగానే ఒక్క నాలుగే వేసే మా చేతితోనూ ఉంది. మ్యాపులో గేటు దగ్గర నిలబెట్టి, కెఫే దాటాక ఎడమకి, చెరువుకి ఎదురుగా అంటూ తిప్పే గైడు సంగతి చెప్పనే అక్కర్లేదు. కోఠిలో పాత పుస్తకాల కొట్టుకి దారి చెప్పేవాళ్లు అంతకన్నా నయం. పార్ట్ 3లో ఇద్దరు విద్యార్థులు 'నిజమే, కానీ' అనుకుంటూ ఏ, బీ, సీ మూడూ జవాబులే అనిపిస్తారు. వీళ్లంతా మోసగాళ్లే. కాకపోతే వినబడే మోసగాళ్లు. ఆడియో స్క్రిప్టు తెరిస్తే 'ఇదిగో, ఇక్కడ పడ్డాం' అని వేలు పెట్టి చూపించొచ్చు. తమరు అలా కాదు. స్క్రిప్టులో కనబడతారు, మళ్లీ పెట్టి వింటే మళ్లీ వినబడరు.

ఒక్క మార్కే కదా అని తమరు అనొచ్చు. లెక్క చూద్దాం. 40కి 30 వస్తే సుమారుగా బ్యాండ్, అంటే స్కోరు, 7. 29 దగ్గర ఆగితే 6.5. రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ మూడింట్లోనూ 6 చొప్పున వచ్చిన పిల్ల ఉందనుకోండి. లిజనింగ్‌లో 6.5 అయితే మొత్తం 24.5, నాలుగుతో భాగిస్తే 6.125, ఓవరాల్ 6. అదే లిజనింగ్ 7 అయితే మొత్తం 25, సగటు 6.25. పావు వస్తే పైనున్న అరకు జరుపుతారు కాబట్టి ఓవరాల్ 6.5. చాలా యూనివర్సిటీలు గుమ్మం దగ్గర అడిగేది ఆ 6.5నే. ఈ రెంటికీ మధ్య నిలబడ్డది తమరొక్కరే. 15 వేలు దాటిన ఫీజు, రెండేళ్లే చెల్లే స్కోరు, చిలుకూరు బాలాజీ చుట్టూ తిరిగిన 11 ప్రదక్షిణలు, అన్నీ 'స్' అనే ఒక బుస మీద వేలాడుతున్నాయి. కోరిక తీరాక చేయాల్సిన 108 సంగతి తరవాత. ఆ దేవుడికైనా ఒక మాట రెండోసారి చెప్పుకోవచ్చు. తమరి ఆడియో మాత్రం ఒక్కసారే.

మా చెవి ఎలాంటిదో తమరు ఎరుగుదురు. అజంత భాష మాది. మాట చివర అచ్చు లేకపోతే మాకు తోచదు. బస్సు, కారు, పెన్ను, రోడ్డు... హల్లుతో ఆగిపోయిన ప్రతి మాటకీ ఒక 'ఉ' తగిలించి ఇంట్లోకి తెచ్చుకున్నాం. బహువచనానికి మేం పెట్టుకున్నది 'లు'. అది వచ్చిందంటే ముందున్న అక్షరాలు కూడా లేచి చోటివ్వాలి. దుప్పటి దుప్పట్లవుతుంది, పుస్తకం పుస్తకాలవుతుంది. తమరో? 'బుక్స్' దగ్గర ఒక ఊపిరి. 'బ్యాగ్స్' దగ్గర మా వర్ణమాలలోనే లేని జెడ్, అది కూడా సగం మింగేసినది. 'బాక్సెస్' దగ్గర మాత్రం పాపభీతి కలిగినట్టు 'ఇజ్' అని ఒక పూర్తి అక్షరం ఇస్తారు. అక్కడ ఎవరూ తప్పు పోరు, గమనించగలరు.

తమాషా ఏంటంటే, పిలవని చోట తమరు మా ఇంట్లోనే కాపురం. బస్సులో ఒక్క ఆడమనిషి ఎక్కినా 'లేడీస్ వచ్చింది, జరగండి'. 'ఆ జెంట్స్ ఎవరు?' అని ఒక్కణ్ణే చూపించి అడుగుతాం. చిప్సులు, షూసులు అని తమరి మీద మళ్లీ మా 'లు' కూడా ఎక్కిస్తాం, బండి మీద ముగ్గురు కూర్చున్నట్టు. ఆఫీసు మెయిళ్లలో ఎక్విప్‌మెంట్స్, ఫర్నిచర్స్, ఇన్ఫర్మేషన్స్. ఈ అలవాటుతోనే పరీక్షకు వెళ్లి, సరిగ్గా విన్న 'ఎక్విప్‌మెంట్'కి జాగ్రత్త కోసమని తమరిని అంటించి, వచ్చిన మార్కు పోగొట్టుకునేవాళ్లున్నారు. ఎక్విప్‌మెంట్, ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ అనే ఈ అయిదు గుమ్మాలు తమరు తొక్కలేరు. లిజనింగ్ ప్రాక్టీసు చేసే ప్రతి గదిలో గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన పేర్లివి.

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, తమరి ప్రాణం ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది. పాత ఫోన్ లైను మోసేది 300 నుంచి 3400 దాకానే. అందుకే ఫోన్లో పేరు స్పెల్లింగు చెబుతుంటే ఎస్సో ఎఫ్ఫో తేలక, 'ఎస్ ఫర్ షుగర్' అని అరుస్తాం. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు ఆన్‌లైన్ క్లాసుకి కూర్చుంటే, మైక్ ఆన్ అయిన క్షణంలో అవి తరచుగా కాల్ మోడ్‌లోకి దిగిపోతాయి. ధ్వని ఆ పాత ఫోన్ దగ్గరదగ్గరకు పడిపోతుంది. ముందు చచ్చేది తమరే. గ్రూపుల్లో తిరిగి తిరిగి, సైజు తగ్గించుకుని నలిగిపోయిన ఆడియో ఫైలుదీ ఇదే కథ. ఇక క్లాసులో గోడకి ఒకే ఒక్క స్పీకరు, నెత్తి మీద ఫ్యాను, కింద ఆటోల హారన్లు. ఆ రొదలో అచ్చులు ఎలాగో బతికి బట్టకడతాయి, బుస బతకదు. కాబట్టి ప్రాక్టీసుకి తీగ ఉన్న హెడ్‌ఫోన్, పుస్తకంతో పాటు ఇచ్చిన అసలు ఫైలు, మైక్ ఆఫ్. ఇన్ని చేసి కూర్చున్నాక పక్క ఫ్లాటులో కుక్కరు 'స్స్స్' అని తమరి వేషం వేస్తుంది. నాలుగు విజిల్స్‌కి నాలుగు బహువచనాలు. పప్పు ఉడుకుతుంది, మార్కు ఉడకదు.

పరికరాలు బాగున్నా తమరు దొరుకుతారా? 'మ్యాప్స్ ఆఫ్' అంటే మ్యాప్‌ని వదిలేసి పక్కవాడి ఒళ్లో కూర్చుంటారు, 'మ్యాప్ సవ్'. 'టికెట్స్ ఎట్' అంటే 'టికెట్ సెట్'. 'షాప్స్ ఇన్' అంటే 'షాప్ సిన్'. 'స్టూడెంట్స్ షుడ్' అన్నప్పుడు రెండు బుసలు కరిగి ఒకటైపోతాయి. 'గెస్ట్స్'లో టి మాయమై ఉట్టి 'గెస్స్' మిగులుతుంది. సంధులంటే మాకేం భయం లేదండీ. ఉత్వ సంధి, గసడదవాదేశ సంధి బట్టీ పట్టి పదో తరగతి గట్టెక్కిన జాతి మాది. మా సంధికి ఒక సూత్రం, ఒక పేరు, ఒక ఉదాహరణ ఉంటాయి. తమరిది దొంగ సంధి. అచ్చు ముందుకొచ్చినప్పుడే తమరి తోక చేతికి చిక్కుతుంది. 'సవ్', 'సెట్', 'సిన్' అని వినబడితే ఆ 'స'ని వెనక్కి లాగి ముందు మాటకి కట్టేయాలి. హల్లు వచ్చినప్పుడు చెవిని నమ్ముకుంటే అంతే సంగతులు.

అప్పుడు వ్యాకరణంతో వల వేయాలి. ప్రతి పార్టుకీ ముందు ప్రశ్నలు చదువుకోమని కాస్త టైమిస్తారు కదా, చాలామంది ఆ టైములో హెడ్‌ఫోన్ సర్దుకుంటారు. ఆ కాసేపూ తమరి కోసమే ఖర్చు పెట్టాలి. ఖాళీకి ముందు ఎ, యాన్, ఈచ్, ఎవ్రీ ఉంటే తమరు రారు. సెవరల్, వేరియస్, బోత్, వన్ ఆఫ్ ద ఉంటే రాక తప్పదు. ఖాళీ తరవాత 'ఈజ్' ఉందా, 'ఆర్' ఉందా? పేపర్ మీద రాసే పరీక్షయితే అనుమానం ఉన్న ఖాళీ పక్కన పెన్సిలుతో ఒక ఎస్, ఒక ప్రశ్నార్థకం. దొంగ వచ్చే సందు ముందే గుర్తు పెట్టుకున్నట్టు. అసలు ప్రమాదం నోట్స్ నింపే ప్రశ్నల్లో. అక్కడ పాత టెలిగ్రాములో లాగా చిన్న మాటలన్నీ ఎత్తేస్తారు. 'బ్రింగ్' అని ఒక మాట, పక్కన ఖాళీ. సాక్ష్యం కాగితం మీద ఉండదు, ఆడియోలోనే ఉంటుంది. తమరు వినబడకపోతే పోయారు, తమరి పగవాడు 'ఎ' వినబడిందా? లెక్కపెట్టదగిన వస్తువు ముందు 'ఎ' గానీ 'ద' గానీ 'యువర్' గానీ ఏదీ లేదంటే, దాని వెనక తమరు ఉన్నట్టే. ఆదివారం దుప్పటి దగ్గర ఆవిడ 'ఎ' అనలేదు. అన్నదేమోనని కూడా ఎవరూ వినలేదు, అందరూ దుప్పటి కోసమే విన్నారు.

ఇంట్లో సాధన చేసేవాళ్లు పూర్తి టెస్టుల మీద టెస్టులు రాసి స్కోరు చూసుకుంటారు. తమరికి అదే కావాలి. తమరిని పట్టాలంటే పది సెకన్ల ముక్క తీసుకోవాలి. జవాబు ఒక్కటే కాదు, వాక్యం మొత్తం చేత్తో రాయాలి. మూడు నాలుగు సార్లు వినాలి, తరవాతే స్క్రిప్టు తెరవాలి. తప్పిపోయిన ఎస్‌లకి మాత్రమే ఎర్ర సున్నా చుట్టి, పక్కన కారణం రాయాలి: పక్క మాటలో కలిసిపోయిందా, వినబడినా చెయ్యి రాయలేదా, వినబడకపోయినా వ్యాకరణం చెప్పేదేనా. వారం తిరిగేసరికి ఎవరి జబ్బు ఏదో తేలుతుంది. చాలామందిది రెండోదే, చెప్పినా నమ్మరు. స్పీడు 0.75కి తగ్గించుకుని వినేవాళ్లకి ఒక మాట: అక్కడ బుస సాగి పాముపిల్లంత పొడుగవుతుంది, చక్కగా వినబడుతుంది. పరీక్షలో ఆ పాము రాదు.

పేపర్ మీద రాసే పరీక్షయితే చివర్లో జవాబులు ఎక్కించుకోవడానికి 10 నిమిషాలు, కంప్యూటర్ మీదయితే సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. ఆ 2 నిమిషాల్లో జవాబులు మళ్లీ చదివి లాభం లేదు. మాటల తోకలు మాత్రం చూడాలి.

ఇక తమరు గిమరు చాలు. ఆకారం చూస్తే పాము, శబ్దం చూస్తే పాము. పాము నయం, కాటేసే ముందు బుస కొడుతుంది. నువ్వు కాటేశాక, జవాబుల కీలో కొడతావు. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తే అది ఊరుకుంటుంది. నీ పుట్ట ఎక్కడుంది, చెప్పు, పోసొస్తాం. పేరు చూస్తే ఎస్, నీ బతుకంతా మాకు నో చెప్పడమే. కొన్ని కీలలో నువ్వు బ్రాకెట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటావు, రాసినా సరే, రాయకపోయినా సరే అని. అంటే నువ్వు లేకపోయినా లోకం ఆగదని వాళ్లకీ తెలుసన్నమాట! మరి దుప్పటి దగ్గర ఆ బ్రాకెట్ ఏమైంది? హైదరాబాదులో పెరిగినవాడికి డిసెంబరు రాత్రి కూడా ఒక్క దుప్పటి చాలు. ఒకడు క్యాంపుకి రెండు దుప్పట్లు మోసుకెళ్తాడని మేం ఎలా ఊహించాలి? చెవి మోసం చేసినప్పుడు మనిషి తన ఇంట్లో ఉన్నదే రాస్తాడు. మా ఇంట్లో ఒక్కటే ఉంది. ఏందీ లొల్లి?

కోపంలో నువ్వు అన్నాం, తమరు మన్నించాలి. వచ్చే ఆదివారం మళ్లీ మాక్ ఉంది. పార్ట్ 4లో మధ్యలో ఊపిరి పీల్చుకునే విరామం కూడా ఉండదు, పది ఖాళీలు వరసగా వస్తాయి. కనీసం ఒక్క చోటైనా అచ్చు పక్కన కూర్చోండి.

ఇట్లు,
తమ విధేయులు.

చివర 'లు' వినబడింది కదా? ఫ్యాను తిరుగుతూనే ఉంది.