సవరణ: సీలియాక్ పరీక్షకు ముందే గ్లూటెన్ మానేయకండి

సీలియాక్ అంటే గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే వ్యాధి. అది ఉందన్న అనుమానం ఉంటే ముందు కొన్నాళ్లు గ్లూటెన్ మానేసి చూడమని, తేడా కనిపిస్తే అప్పుడు పరీక్ష చేయించుకోమని గత పోస్టులో రాశాను. అది తప్పు. జీర్ణకోశ వైద్యుల మార్గదర్శకాలు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెబుతున్నాయి: పరీక్షలన్నీ పూర్తయ్యేవరకు గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) ఉన్న ఆహారం మామూలుగా తింటూనే ఉండాలి.

ఎందుకంటే రక్తపరీక్షలో వెతికేది టీటీజీ-ఐజీఏ అనే యాంటీబాడీల కోసం. గ్లూటెన్‌కు స్పందనగా పుట్టే ఇవి, అది ఆపేస్తే క్రమంగా తగ్గిపోతాయి. దెబ్బతిన్న చిన్నపేగు లోపలి పొర కూడా నయమవడం మొదలవుతుంది కాబట్టి బయాప్సీలోనూ (పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఏమీ కనిపించకపోవచ్చు. వ్యాధి ఉన్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు! జీవితాంతం పాటించాల్సిన ఆహార నియమం కదా, నిర్ధారణ గట్టిగా ఉండాలి.

నా పోస్టు చూసి ఇప్పటికే మానేసినవాళ్లు టెన్షన్ పడకండి, అలాగని సొంతంగా మళ్లీ మొదలుపెట్టకండి. డాక్టర్‌కు ఆ విషయం ముందే చెప్పండి. అవసరమైతే వారి పర్యవేక్షణలో కొన్ని వారాలు గ్లూటెన్ తిన్నాక పరీక్ష చేస్తారు. సీలియాక్‌తో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యురకాలు ఉన్నాయేమో చూసే పరీక్షకు మాత్రం తిండితో సంబంధం లేదు. ఆ రెండూ లేకపోతే సీలియాక్ ఉండే అవకాశం చాలా తక్కువ.

పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.